గుండె ఆపరేషన్ కుట్ల మీద లేచిన కీలాయిడ్: కోసి తీయించాలా, ఇంజెక్షన్లా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ముమ్మిడివరం దగ్గర ఊరు. చెల్లెలికి 26 ఏళ్లు. రెండేళ్ల కిందట ఛాతీ తెరిచి గుండె వాల్వు మార్చారు, రోజూ ఎసిట్రోమ్ అనే రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటోంది. కుట్లు బాగానే మానాయి గానీ నాలుగో నెల నుంచి మచ్చ లేవడం మొదలై, ఇప్పుడు జానెడు పొడవున, మూడు వేళ్ల వెడల్పున రబ్బరులా గట్టిపడింది. రాత్రిళ్లు దురద, పోటు. జాకెట్టు తగిలినా ఓర్చుకోలేకపోతోంది. ఒక డాక్టరు గారు కోసి తీసేద్దామన్నారు, ఇంకొకరు అసలు ముట్టుకోవద్దన్నారు. సంబంధాలు చూస్తున్నారు కనక త్వరగా పోయే మార్గం చెప్పమన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఉత్తినే కోసి తీయించకండి. కీలాయిడ్‌ను, అంటే గాయం హద్దు దాటి పెరిగే ఇలాంటి మచ్చను, కోసి, కుట్టేసి, ఇంటికి పంపేస్తే ఇంచుమించు సగం మందికి, కొన్ని లెక్కల్లో దాదాపు అందరికీ, తిరిగి వస్తుంది. చాలాసార్లు ముందున్న దానికంటే పెద్దదిగా వస్తుంది. అలాగని ముట్టుకోకుండా వదిలేయమనడం కూడా సరికాదు, ఎందుకంటే దీనికి వైద్యం ఉంది. మీ చెల్లెలి వయసు, మచ్చ ఉన్న చోటు, వాడుతున్న మందులు చూస్తే నేనైతే మొదట ఆరు నెలలపాటు నెలకోసారి మచ్చలోకే ఇంజెక్షన్లు ఇస్తాను, దానితోపాటు సిలికాన్ పట్టీ వాడిస్తాను. అప్పటికీ అణగకపోతేనే కోత. అదీ మర్నాటికల్లా రేడియేషన్ మొదలయ్యే ఏర్పాటు చేసుకున్నాకే. దురద, పోటు చాలామందికి మొదటి రెండు మూడు ఇంజెక్షన్లకే తగ్గుతాయి. ఎత్తు దిగడానికి నెలలు పడుతుంది. గుర్తు కూడా లేకుండా పోవడం మాత్రం జరగదు. అలా పోగొడతామని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి.

నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. 22 ఏళ్లుగా కాకినాడలో పనిచేస్తున్నాను, వారానికోసారి అమలాపురం వెళ్లి చూస్తాను. కోనసీమ నుంచి, అటు పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి కీలాయిడ్‌తో వచ్చేవాళ్లు లేని వారం ఉండదు. "కండ పెరిగిందండీ", "కుట్లు లేచిపోయాయండీ" అంటూ వస్తారు. ఆడవాళ్లయితే పమిట తీయడానికే చాలాసేపు తటపటాయిస్తారు. కాబట్టి రాత్రి నిద్ర పట్టక మీ చెల్లెలు పడే బాధ నాకు కొత్త కాదు. ఇది అందం కోసం పడే ఆరాటమని ఎవరైనా అంటే పట్టించుకోవద్దని ఆవిడకు చెప్పండి. దురదా నొప్పీ ఉన్న మచ్చ జబ్బే.

ఇంతకీ అది కీలాయిడేనా అన్నది ముందు తేల్చుకోవాలి. చర్మం తెగితే దాన్ని అతికించడానికి ఒళ్లు కొలాజెన్ అనే పీచును తయారు చేస్తుంది. ఏటిగట్టుకు గండి పడితే ఇసుక బస్తాలు వేసి పూడుస్తారు కదా, అలాంటి పని. గండి పూడాక బస్తాలు వేయడం ఆగిపోవాలి. కొందరి ఒంట్లో ఆ పని ఆగదు. గండి పూడాక కూడా బస్తాలు పడుతూనే ఉంటాయి, గట్టు దాటి పక్క చేలోకీ పడతాయి. కుట్ల గీత హద్దులోనే ఉబ్బి ఆగిన మచ్చ వేరు. దాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటాం. అది ఆపరేషన్ అయిన ఒకటి రెండు నెలల్లోనే లేస్తుంది, ఏడాది రెండేళ్లలో చాలావరకు తనంతట తానే అణుగుతుంది. కీలాయిడ్ ఆలస్యంగా, మూడు నెలలు దాటాక, ఒక్కోసారి ఏడాది దాటాక మొదలై, కోత పడని మంచి చర్మంలోకి కూడా పాకుతుంది. తనంతట తగ్గదు. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో అలీబర్ అనే చర్మవైద్యుడు దీనికి ఈ పేరు పెట్టాడు. గ్రీకులో పీత గోళ్లకున్న మాట నుంచి తీసుకున్నాడు. అంచుల నుంచి పీత కాళ్లు చాచినట్టు పాకుతుంది కాబట్టి ఆ పేరు. మీరు రాసిన లెక్క ప్రకారం, కోత గీత ఎంత సన్నగా ఉంటుందో చూస్తే, మూడు వేళ్ల వెడల్పు అంటే అది కీలాయిడే అయి ఉండాలి. చూసి, తడిమి నిర్ధారించడం మాత్రం తప్పనిసరి.

ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు నేను ముందు ఎడమ భుజం చూపించమంటాను. పుట్టగానే వేసే బీసీజీ టీకా గుర్తు మామూలుగా పల్లంగా, చిన్న గుంటలా ఉంటుంది. అది గట్టిగా ఉబ్బి ఉంటే కీలాయిడ్ తత్వం చిన్నప్పటి నుంచే ఉందన్నమాట. మీ అమ్మగారికో నాన్నగారికో చెవి తమ్మెల మీదో, ఛాతీ మీదో ఇలాంటివి ఉన్నాయేమో కూడా అడగండి. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మనలాంటి చామనచాయ, నల్లటి ఒంటివాళ్లలో ఎక్కువ. 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసులో ఎక్కువ. ఆపరేషన్ చేసినవాళ్లు కుట్లు సరిగా వేయలేదని చాలామంది నాతో అంటారు. దయచేసి ఆ కోపం వదిలేయండి. అదే సర్జన్ అదే దారంతో అదే రోజు కుట్టిన పక్క మంచం మనిషికి గీత కూడా కనపడకపోవచ్చు.

అయితే చోటుకు చాలా ప్రాధాన్యం ఉంది. ఛాతీ మధ్య ఎముక మీద, భుజాల మీద, వీపు పైభాగంలో, చెవి తమ్మెల మీద, దవడ దగ్గర, పొత్తికడుపు కింద ఇవి ఎక్కువ వస్తాయి. కనురెప్పల మీద, అరచేతుల్లో, అరికాళ్లలో దాదాపు రావు. ఛాతీ మధ్య చర్మాన్ని రెండు చేతులూ రోజంతా అటూ ఇటూ లాగుతూ ఉంటాయి. ఆ లాగుడు పడే దిక్కుకే కీలాయిడ్ పాకుతుంది. అందుకే నిలువు కోత మీద లేచిన మచ్చ అడ్డంగా పెరుగుతుంది. లాగుడు తగ్గించకుండా ఏ మందు వేసినా సగం పనే అవుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకంలో కంటే నా చేతి తప్పు వల్ల బాగా తెలిసింది. ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడాది, కొబ్బరి దింపు తీసే ఒకాయన వచ్చాడు. ఛాతీ మీద సెగ్గడ్డ మానిన చోట నిమ్మకాయంత కీలాయిడ్. చెట్టెక్కేటప్పుడు మానుకు ఒరుసుకుని ప్రాణం పోతోందన్నాడు. నేను చక్కగా కోసి తీశాను, సన్నని దారంతో అందంగా కుట్టాను, పది రోజులకు కుట్లు తీసి పంపాను. ఇంజెక్షన్ల మాట చెప్పలేదు, మళ్లీ రమ్మనలేదు. కుట్లు తీసిన వారానికే దింపుకు వెళ్లాడట. వెళ్లొద్దని నేను చెబితే కదా! ఎనిమిది నెలలకు తిరిగి వచ్చాడు. నిమ్మకాయ ఉన్న చోట నా కుట్ల పొడవునా అరచేయంత పరుచుకుంది. "తమరు తీశారు కదండీ, మళ్లీ ఎందుకొచ్చిందండీ" అని మాత్రమే అడిగాడు. ఆ మాట ఇప్పటికీ నాతో ఉంది. పంట కాలువలో గుర్రపుడెక్కను పైపైన కోస్తే నెల తిరక్కుండా ఎలా కమ్ముకుంటుందో మీకు తెలుసు. నేను చేసిందీ అదే. ఆయనకు తర్వాత ఏడాదిన్నర పాటు ఇంజెక్షన్లు ఇచ్చి చాలావరకు అణిచాను. చెట్లెక్కడం మానేసి వలుపు పనికి మారాడు.

ఇక ఇంజెక్షన్ల గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ చెల్లెలికి ముందు కావలసింది అదే.

మందు పేరు ట్రయామ్సినలోన్. మన దగ్గర కెనాకార్ట్ అనే పేరుతో ఎక్కువగా దొరుకుతుంది. ఇది స్టెరాయిడే. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడకండి. ఇది మాత్రలా ఒళ్లంతా తిరగడానికి ఇచ్చేది కాదు, చాలావరకు మచ్చ లోపలే నిలిచి కొలాజెన్ తయారీని తగ్గిస్తుంది. మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల బలంతో, నాలుగు వారాలకోసారి ఇస్తాం. మచ్చ పెద్దదైతే మొత్తం ఒకేసారి ఇవ్వం. ఈసారి పై సగం, వచ్చేసారి కింది సగం, లేదా దురద ఎక్కువగా ఉన్న అంచులు ముందు. అంచులే పెరిగే భాగం కాబట్టి నేను వాటితోనే మొదలుపెడతాను.

నొప్పి ఉంటుంది, దాచను. మొదటిసారి మచ్చ చెప్పు అట్టలా ఉంటుంది, మందు లోపలికి దిగదు. బలంగా నొక్కితే సిరంజి నుంచి సూది ఊడి వచ్చేస్తుంది. అందుకని సూది మరతో బిగించే సిరంజి వాడతాం. ముందు ద్రవ నత్రజనితో కొన్ని సెకన్లు చల్లబరిచి, పావుగంట ఆగితే మచ్చ కాస్త ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు మందు సులువుగా వెళ్తుంది. మత్తు మందు కలిపి ఇస్తాం. మూడోసారికి మచ్చే మెత్తబడి నొప్పి సగానికి సగం తగ్గుతుంది. చాలామంది రెండోదానికే మానేస్తారు. నొప్పి వల్ల కొందరు, దురద తగ్గింది కదా అని కొందరు. దురద తగ్గడం అంటే మందు పనిచేస్తోందని అర్థం, పని అయిపోయిందని కాదు. నేను మామూలుగా ఆరు వరకూ ఇస్తాను. మచ్చ చుట్టూ చర్మంతో సమం కాగానే ఆపేస్తాను.

సమం కాగానే ఆపకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. చర్మం పలచబడి గుంట పడుతుంది, సన్నని ఎర్ర నరాలు కనపడతాయి, చుట్టూ తెల్లబడుతుంది. మందు మచ్చలోకి కాకుండా దాని కింది కొవ్వులోకి వెళ్లినా గుంట పడుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇదే మందు తక్కువకి ఇస్తానంటే వద్దనండి. ఆయన మీద నాకు చిన్నచూపు లేదు, జ్వరానికీ దెబ్బకీ ఆయనే మనకు ముందు దిక్కు. కానీ ఇక్కడ పనంతా సూది ఎంత లోతులో ఉందన్న దాని మీదే ఉంటుంది. అలా గుంటలు పడి తెల్లబడి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఆ తెలుపు చాలావరకు నెలల్లో తిరిగి రంగు తేలుతుంది, కానీ అందాకా బొల్లి వచ్చిందని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. పెళ్లి చూపుల ముందు అది ఇంకో బాధ.

ఆడపిల్లలకు ఈ ఇంజెక్షన్ల తర్వాత నెలసరి ఒకటి రెండుసార్లు తేడాగా రావచ్చు. ముందే చెప్పకపోతే భయపడతారు. షుగరు ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. చెరువులు చేసుకునే కుటుంబంలోని ఒకావిడకు గాల్ బ్లాడర్ కుట్ల మీద కీలాయిడ్ వస్తే ఇంజెక్షన్ ఇచ్చాను. షుగరు ఉందని ఆవిడ చెప్పలేదు, నా అసిస్టెంటు అడగలేదు. నాలుగో రోజుకు దాహం, నీరసంతో తీసుకొచ్చారు. అప్పటి నుంచి మా దగ్గర షుగరు పరీక్ష చూడందే సూది ముట్టుకోం.

మీ చెల్లెలి విషయంలో అసలు జాగ్రత్త ఎసిట్రోమ్ దగ్గర. అది రక్తాన్ని పలచగా ఉంచే మందు. లోహపు వాల్వు పెట్టినవాళ్లకు అది ప్రాణాధారం. ఇంజెక్షన్ల కోసమో, దేనికోసమో మీ అంతట మీరు ఒక్కరోజు కూడా ఆపకూడదు. ఆపితే వాల్వు మీద గడ్డ కట్టవచ్చు, అది పక్షవాతానికి దారి తీయవచ్చు. మచ్చలోకి ఇచ్చే సన్న సూదికి ఎసిట్రోమ్ ఆపాల్సిన పనే లేదు. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఇటీవలిది చూసి, అది గుండె డాక్టరు చెప్పిన హద్దులో ఉంటే ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలు. కోత అయితే కథ వేరు. అప్పుడు గుండె డాక్టరు, సర్జన్ ఇద్దరూ మాట్లాడుకుని మందు ఎలా మార్చాలో ముందే రాసి ఇవ్వాలి. నేను మీకు కోత చివర్లో పెట్టుకోమనడానికి సగం కారణం ఇదే.

ఒక్క స్టెరాయిడ్‌కే లొంగని మచ్చకు 5-ఫ్లోరోయురాసిల్ కలుపుతాం. ఇది కేన్సర్ వైద్యంలో వాడే మందు, పేరు వినగానే హడలిపోతారు. ఇక్కడ వాడేది కొద్ది మోతాదు, అదీ మచ్చలోకే. తొమ్మిది వంతులు అది, ఒక వంతు ట్రయామ్సినలోన్ కలిపి ఇవ్వడం మామూలు పద్ధతి. రెండూ కలిస్తే ఫలితం బాగుంటుంది, స్టెరాయిడ్ తక్కువ పడుతుంది కాబట్టి గుంటలు పడటమూ తగ్గుతుంది. ఇచ్చిన చోట నల్లబడటం, అక్కడక్కడా పుండు పడటం ఉంటాయి. కానీ గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది పనికిరాదు. ఇది రక్తం పలచన చేసే మందుల బలాన్ని పెంచగలదు కూడా. కాబట్టి మీ చెల్లెలికి నేను దీన్ని మొదటి వరసలో పెట్టను. వాడాల్సి వస్తే ఐఎన్ఆర్ మామూలుకంటే తరచుగా చూసుకుంటూ వాడాలి, పెళ్లి అయితే ముందు ఆ మాట డాక్టరుకు చెప్పాలి. ఆ మాట వచ్చింది కనక చెబుతున్నాను. లోహపు వాల్వుతో, ఎసిట్రోమ్‌తో గర్భం అన్నది గుండె డాక్టరుతో, గైనకాలజిస్టుతో ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. మచ్చ కంటే అది పెద్దది. గర్భంలో కీలాయిడ్లు ఇంకా పెరుగుతాయి కూడా.

ఇప్పుడు కోత. ఆరు నెలలకు మచ్చ సగం కూడా దిగకపోతే, లేదా లోపల చీము గదులు కట్టి ఊరికే కారుతుంటే, కోత ఆలోచిస్తాను. రోగి ఒప్పుకోవాల్సిన మొదటి షరతు రేడియేషన్. కోసిన 24 గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 48 గంటలు దాటకూడదు. ఎందుకంటే కొత్త గాయంలో కొలాజెన్ చేసే కణాలు అప్పుడే పుట్టుకొస్తుంటాయి, వాటిని మొదట్లోనే అణచాలి. జపాన్‌లో ఒగావా అనే సర్జన్ బృందం దీని మీద చాలా పనిచేసింది. ఛాతీ, భుజం లాంటి లాగుడు చోట్లకు మొత్తం 18 గ్రే మూడు విడతల్లో, చెవి తమ్మెకు 8 గ్రే ఒకే విడతలో ఇచ్చే పద్ధతి వాళ్లదే. గ్రే అంటే రేడియేషన్ కొలత. కోతకు రేడియేషన్ కలిస్తే తిరిగి రావడం సుమారు ఐదుగురిలో ఒకరికి పడిపోతుంది. ఉత్త కోతతో పోల్చి చూడండి ఎంత తేడానో. ఇందులో వాడేది ఎలక్ట్రాన్ కిరణాలు, చర్మం దాటి ఎక్కువ లోతుకు పోవు. కేన్సర్ వస్తుందా అని అందరూ అడుగుతారు. ఆ ప్రమాదం చాలా చాలా తక్కువ. కానీ 26 ఏళ్ల అమ్మాయి, రొమ్ముల మధ్య చోటు అన్నప్పుడు నేను తక్కువ అనే మాటను కూడా తేలిగ్గా తీసుకోను. రొమ్ములకు, మెడలోని థైరాయిడ్‌కు కిరణం తగలకుండా అడ్డు పెట్టాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. పిల్లలకు అసలు ఇవ్వం.

కోసే పద్ధతిలోనూ తేడా ఉంది. పైచర్మాన్ని బిగించి కుట్టకూడదు. లోపలి గట్టి పొరను ముందు దగ్గరకు లాగి కుడితే పైన చర్మం అంచులు వాటంతట అవే కలుసుకోవాలి. పొడవాటి నిలువు గీతను అక్కడక్కడా జెడ్ ఆకారంలో విరిస్తే లాగుడు ఒకే దిక్కున పడదు. తొడ నుంచి చర్మం తీసి అతికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కీలాయిడ్ తత్వం ఉన్నవాళ్లకు తీసిన చోట కూడా కీలాయిడ్ లేవవచ్చు, ఒకటి కాస్తా రెండవుతాయి. లేజరుతో కోసినా అంతే, కత్తి మారిందే తప్ప గాయం గాయమే. మచ్చ ఎరుపు, దురద తగ్గించడానికి కొన్ని లేజర్లు తోడుగా పనికొస్తాయి, పెద్ద కీలాయిడ్‌ను అవి ఒంటరిగా పోగొట్టలేవు. ప్యాకేజీల పేరుతో వేలకు వేలు కట్టి వచ్చినవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

సిలికాన్ పట్టీ గురించి మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి. రోజుకు 12 గంటలకు తగ్గకుండా, కనీసం మూడు నెలలు వాడమని డబ్బా మీద ఉంటుంది. కానీ మన ఉక్కపోత ఏమిటో డబ్బా తయారు చేసినవాళ్లకు తెలియదు. మే నెలలో ఛాతీ మధ్య పట్టీ పెడితే గంటలో చెమటకు జారిపోతుంది, రెండో రోజుకు పేలినట్టు ఎర్ర పొక్కులు వస్తాయి, మూడో రోజు మూల పడేస్తారు. నేనిలా చెబుతాను. మొదటి వారం రాత్రి నాలుగు గంటలు మాత్రమే, ఫ్యాను కింద. తర్వాత రెండేసి గంటలు పెంచండి. ప్రతి పూటా పట్టీని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఒంటిని కూడా కడిగి పూర్తిగా తుడిచి పెట్టండి. కింద పౌడరు, కొబ్బరి నూనె వద్దు. పగలు పట్టీ నిలవకపోతే సిలికాన్ జెల్ పలచగా రాసి ఆరనివ్వండి. పట్టీ మీద మెత్తని నూలు జాకెట్టు, బిగుతుగా కాకుండా. పెద్ద కీలాయిడ్‌ను పట్టీ ఒక్కటే తగ్గించదు, ఇంజెక్షన్లు దించిన దాన్ని నిలబెట్టడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

లాగుడు తగ్గించడం అన్నాను కదా. బోరింగు కొట్టడం, నీళ్ల బిందెలు ఎత్తడం, తల మీదుగా చేతులు చాచి బట్టలు ఆరేయడం, ఇవి ఆరు నెలలు ఇంట్లో ఇంకెవరైనా చేయండి. మీరున్నారు కదా అన్నయ్యగారు. కాగితపు టేపును మచ్చ మీద అడ్డంగా, రెండు పక్కల చర్మాన్ని కొద్దిగా దగ్గరికి జరిపి అంటించడం కూడా మేలు చేస్తుంది. ఎలా అంటించాలో ఒకసారి చూసి నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. చెవి తమ్మె కీలాయిడ్‌కు ఫలితాలు ఛాతీ కంటే చాలా మెరుగు. లోపలి గడ్డను తీసి పైచర్మాన్నే కప్పి, తర్వాత ఇంజెక్షన్లు ఇస్తూ, ఒత్తిడి పెట్టే క్లిప్పు కమ్మలు ఆరు నెలల నుంచి ఏడాది వాడితే చాలామందికి నిలుస్తుంది. రెండో కుట్టు కుట్టించుకుని ఉసిరికాయంత గడ్డతో వచ్చిన పాలకొల్లు అమ్మాయి, ఐదేళ్లయినా బాగానే ఉంది. సిజేరియన్ కుట్లు ఉబ్బినవాళ్లలో చాలామందికి అది కీలాయిడ్ కాదు, హద్దు దాటని మచ్చే. ఏడాది ఓపిక పట్టండి.

నాటు వైద్యం మాట. జిల్లేడు పాలు, సున్నం, చురక వేయించడం, ఈ మూడింటి వల్ల చెడిపోయిన మచ్చలు ప్రతి ఏడాదీ చూస్తాను. కాలిన ప్రతి చోటా కొత్త కీలాయిడ్‌కు విత్తనం వేసినట్టే. ఉల్లిపాయ రసం క్రీములు, విటమిన్ ఇ నూనె పెద్ద కీలాయిడ్‌ను కదపలేవు. తిండి గురించి ఎక్కువ అడుగుతారు. "చేపలు తిన్నందుకేనా అండీ, వంకాయ కూర వల్లనా అండీ" అని. దేనివల్లా కాదు. చేపలు, రొయ్యలు, గుడ్లు మానిపించి మనిషిని నీరసపెట్టకండి. ఒక్కటి మాత్రం ఎసిట్రోమ్ వల్ల చెబుతున్నాను. తోటకూర, గోంగూర లాంటి ఆకుకూరలు మానక్కర్లేదు గానీ వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. ఒక వారం అసలు లేకుండా, ఇంకో వారం రోజూ తింటే ఐఎన్ఆర్ అటూ ఇటూ అవుతుంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే నెల ఆగకండి. మచ్చ ఒక్కసారిగా వేగంగా పెరగడం, దాని మీద పుండు పడటం, రక్తం కారడం ఉంటే ముక్క పరీక్ష చేయించాలి. కీలాయిడ్‌లా కనిపించే చర్మపు గడ్డలు అరుదుగా వేరే జబ్బు అయ్యే అవకాశం ఉంది. ఛాతీ మధ్య చిన్న రంధ్రం నుంచి చీము వస్తూ, జ్వరం గాని, ఎముక కదిలినట్టు అనిపించడం గాని ఉంటే, లోపల ఎముకను కట్టిన తీగ దగ్గర ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వాల్వు ఉన్న మనిషికి అది అత్యవసరం. అప్పుడు నా దగ్గరికో చర్మ డాక్టరు దగ్గరికో కాదు, నేరుగా గుండె ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి.

పెళ్లి అనుకుంటున్నారు కాబట్టి ఇంకొకటి. ముక్కు కుట్టించాలనో, చెవికి రెండో కుట్టు వేయించాలనో ఇంట్లో ఆడవాళ్లు అంటారు. ససేమిరా ఒప్పుకోకండి. నొక్కుకునే ముక్కుపుడకలు బజార్లో దొరుకుతాయి. సంబంధం వాళ్లకు గుండె ఆపరేషన్ సంగతి ఎలాగూ చెబుతారు, మచ్చ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి. ఆరు నెలల్లో మచ్చను మాయం చేయాలన్న తొందరే మిమ్మల్ని ఉత్త కోత వైపు నెడుతోందని నాకనిపిస్తోంది. నేను చెప్పిన వైద్యం పూర్తయ్యాక కూడా రెండేళ్లు చూపించుకుంటూ ఉండాలి. తిరిగి వచ్చేవి ఎక్కువగా ఆ రెండేళ్లలోనే వస్తాయి. అంచున పప్పుబద్దంత ఉబ్బు కనిపించినప్పుడే వస్తే ఒకటి రెండు ఇంజెక్షన్లతో ఆగిపోతుంది.

మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ, ఈ నెల ఐఎన్ఆర్, షుగరు పరీక్ష పట్టుకెళ్లండి. వెళ్లే ముందు ఇంట్లో మీ అమ్మగారి చేత, కిటికీ వెలుతురులో, మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒక ఫొటో తీయించండి. నెలకొకటి అదే చోట, అదే వెలుతురులో తీయించి చెల్లెలి ఫోన్‌లోనే దాచుకోమనండి. రోజూ అద్దంలో చూసుకునే మనిషికి తగ్గుదల తెలియదు. నాలుగో నెలలో "ఏమీ మారలేదండీ, ఇక రాను" అనేవాళ్లకు నేను మొదటి ఫొటో తీసి చూపిస్తాను.